స్వీడన్ పెట్టె, సదుం సారె

స్వీడన్,
7 జనవరి 2002

తిమ్మప్ప మామకు, బయ్యమ్మ అత్తకు స్వర్ణ నమస్కారాలు. ఇక్కడ నేనూ, మా ఆయనా, మోకాలి లోతు మంచూ క్షేమం.

మామా, ఈ ఊరి పాత వస్తువుల మ్యూజియంలో, పిల్లల విభాగంలో నాకు ఆరు నెలల ఉద్యోగం దొరికింది. బడిపిల్లలు వస్తారు. వాళ్లకు పాతకాలపు బట్టలు తొడిగి వెన్న చిలికిస్తాం, ఉన్ని దువ్విస్తాం. రాలేని బళ్లకు ఆ సామాన్లే ఒక పెట్టెలో పెట్టి పంపుతాం. మా విభాగం పెద్దావిడ ఇంగ్రిడ్‌తో, "మా మామ సదుంలో హెడ్మాస్టరు, అక్కడికీ ఒకటి పంపుదాం" అన్నాను. సరేనంది. వెన్న చిలికే చెక్క తొట్టి, వెన్న అచ్చు, ఉన్ని దువ్వెనల జత, బూటులా ముందు మూసి ఉండే చెక్క చెప్పుల జత వస్తాయి. అద్దాల బీరువాలో పెట్టి చూపించొద్దు. చేత్తో పట్టి వాడాలి, అదే మా పద్ధతి.

పెట్టె ఎలా వెళ్లిందో అలాగే ఏప్రిల్‌లో తిరిగొస్తే నా ఉద్యోగం ఖాయం చేస్తానంది. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుంటే పిచ్చెక్కుతోంది మామా. ఈ ఉద్యోగం నాకు కావాలి.

మీ మేనకోడలు,
స్వర్ణ

తా.క.: బడికి పంపితే సెలవుల్లో ఎవరూ తీసుకోరని పెట్టె మీద మీ ఇంటి చిరునామాయే రాశాను.

సదుం,
18 ఫిబ్రవరి 2002

చిరంజీవి సౌభాగ్యవతి స్వర్ణను మామ తిమ్మప్ప దీవించి రాసే జాబు. పెట్టె చేరింది. ఇక మిగతాది కూర్చుని చదువు.

పెట్టె వచ్చిన రోజు నేను మదనపల్లెలో మీటింగులో ఉన్నాను. సాయంత్రం వచ్చి చూస్తే పెట్టె ఖాళీ. "సామాన్లు యాడ?" అన్నాను.

"యాడుంటాయి? మనింట్లో పెరిగిన బిడ్డ కాపురం పెట్టినాక తొలిసారి సారె పంపింది. సారె ఇంట్లోనే పెట్టుకుంటారా? ఈదంతా పంచొచ్చినా" అంది మీ అత్త.

"సారె మనం పంపాల గానీ, వాళ్లు పంపేదేంది?" అన్నాను.

"ఆ దేశంలో అట్లనేమో, నీకు తెల్సునా?" అంది. నాకు తెలియదు కాబట్టి ఏది ఎవరింటికి పోయిందో చూడడానికి బయల్దేరాను.

తొట్టి పాపక్కకు పోయింది. ఆమె కోడళ్లిద్దరూ మజ్జిగ అందులోనే చిలుకుతున్నారు. అచ్చు కదిరప్ప తీసుకుని బెల్లం పోస్తున్నాడు. సంతలో పువ్వు గుర్తు బెల్లానికి మంచి గిరాకీ. దువ్వెనలతో అంజినప్ప తన బర్రెను దువ్వుతున్నాడు. బర్రె నిగనిగలాడుతోంది. చెక్క చెప్పులు గొర్రెలు కాసే హనుమంతుకు సరిగ్గా సరిపోయాయి. అవి వేసుకుని మందతో రామసముద్రం వైపు పోయాడు.

నువ్వు వాడమన్నావు. వాడుతూనే ఉన్నారు.

ఆశీస్సులతో,
తిమ్మప్ప

తా.క.: బడిపిల్లలను ఇంటింటికీ తీసుకెళ్లి అన్నీ చూపించాను. ఇప్పుడు ఏడో తరగతి వాళ్లు స్వీడన్ అంటే పాపక్క ఇంటి వెనకాల అనుకుంటున్నారు.

స్వీడన్,
4 మార్చి 2002

మామా, నమస్కారాలు తరువాత పెడతాను.

సదుం పెట్టె ఎలా ఉందని ఇంగ్రిడ్ రోజూ అడుగుతోంది. "బాగా తిరుగుతోంది" అన్నాను. అబద్ధం కాదు కదా! దయచేసి అన్నీ వెనక్కి తీసుకుని, కడిగి, ఎక్కువా తక్కువా లేకుండా పంపండి. ఆ చెప్పులు చేసిన ముసలాయన పోయిన ఏడాదే కన్నుమూశాడు. అలా చెక్కడం మా ఊళ్లో ఇంకెవరికీ రాదు. హనుమంతును రాళ్ల మీద నడవొద్దని చెప్పండి.

భయంతో,
స్వర్ణ

తా.క.: రామసముద్రం దారిలో రాళ్లు లేని చోటు లేదని ఈ జాబు అంటించాక గుర్తొచ్చింది. మళ్లీ విప్పి రాస్తున్నాను.

సదుం,
30 మార్చి 2002

చిరంజీవి స్వర్ణకు మామ దీవెనలు. నిన్న పుంగనూరు వెళ్లి పెట్టె పంపించాను. అన్నీ ఉన్నాయి. కొన్ని ఎక్కువే ఉన్నాయి.

అడిగితే ఎవరూ కాదనలేదు. కానీ ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం మన ఊళ్లో ఉందా? పాపక్క తొట్టి నిండా రాగిపిండి పోసింది. "అది మ్యూజియం వాళ్లది పాపక్కా, ఉత్తదే పంపాల" అన్నాను. "ఉత్తది పంపితే వాళ్లేమనుకుంటారప్పా? సదుంలో కరువొచ్చిందనుకోరా?" అంది. కదిరప్ప అచ్చుతో పాటు బెల్లం ఇచ్చాడు. అంజినప్ప ఆ బర్రె నెయ్యే ఇచ్చాడు.

ఇక చెప్పులు. ఎడమది గుట్టల్లో నిలువునా చీలింది. హనుమంతు వారం రోజులు మంద దగ్గర కూర్చుని వేపచెక్కతో కొత్తది చెక్కాడు. పక్కపక్కన పెడితే నాకే తేడా తెలియలేదు. చెప్పకుండా పంపేద్దామా అనుకున్నాను. బడిపంతుల్ని కదా, మనసొప్పలేదు. ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చీటీ రాసి లోపల పెట్టాను. నీ ఉద్యోగం పోతే తప్పు మాది. మీ అత్త రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు.

ఇట్లు,
తిమ్మప్ప

తా.క.: చెప్పుల్లో శెనక్కాయలు పోసింది మీ అత్తే. "చెప్పులైతే మాత్రం, ఉత్తవి పంపుతామా?" అంది.

స్వీడన్,
2 మే 2002

మామకు నమస్కారాలు. ముందు అత్తను అన్నం తినమనండి.

పెట్టెను అందరి ముందూ తెరిచారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను, పారిపోవడానికి వీలుగా. తొట్టి మూత తీయగానే రాగిపిండి ఎగిరి ఇంగ్రిడ్ ముక్కు మీద పడింది. తుమ్మింది. మీ చీటీ రెండుసార్లు చదివింది. చెప్పుల్లోంచి కాయలు తీసి పక్కన పెట్టి, రెండూ తొడుక్కుని హాలంతా ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది.

"ఎడమదే సుఖంగా ఉంది" అని కళ్లు తుడుచుకుంది. ఆ చెప్పులు చేసిన ముసలాయన ఆమె నాన్నట మామా! ఇన్నాళ్లూ నాకు చెప్పలేదు. "ఎంతమంది పిల్లలు తొడుక్కుని ఫోటో దిగారో లెక్కలేదు. వేసుకుని పనికి వెళ్లింది మాత్రం మీ గొర్రెల కాపరి ఒక్కడే. నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో" అంది. నాకూ ఏడుపొచ్చింది.

పెట్టె వెళ్లినట్టే తిరిగి రాలేదు. ఉద్యోగం మాత్రం ఖాయమైంది. మొదటి పని, చెప్పులు చెక్కడం ఇక్కడికొచ్చే బడిపిల్లలకు పాఠంగా పెట్టడం. హనుమంతు ఇంకో జత చెక్కుతుంటే మొదటి నుంచి చివరిదాకా ఫోటోలు తీయించి పంపండి. మా పెట్టెలన్నిటి మూతల మీదా ఇప్పుడు కొత్త నిబంధన రాశారు: "ఖాళీగా తిరిగి పంపరాదు."

మీ స్వర్ణ

తా.క.: అత్త పంపిన శెనక్కాయలను "సదుం, 2002" అని చీటీ అంటించి అద్దాల బీరువాలో పెట్టారు. ఎవరూ ముట్టుకోకుండా చూసే పని నాకే అప్పగించారు. రోజుకు రెండు తగ్గుతున్నాయి. ఇంకో రెండు సేర్లు పంపమని అత్తతో చెప్పండి.