చూడ్డానికి మాత్రమే

మార్చి 3, గురువారం, ఉదయం 8
బ్రిస్బేన్ హెడ్డాఫీసు నుంచి మెయిల్. తొమ్మిదింటికల్లా అపిసాయి లాగిన్ తీసేయాలట. సువా రేవులో మా గోడౌన్ నుంచి ఏ సరుకు కదలాలన్నా కంప్యూటర్లో ఓకే నొక్కేది అపిసాయి మామే. ఆయన ఉద్యోగం పోయిందన్న మాట ఆయనకు మేనేజర్ శాల్విన్ చెబుతాడట. అప్పటిదాకా నేను నోరు మెదపకూడదట. ఈ ఆఫీసులో ఎవరికి ఏ పర్మిషన్ ఉండాలో చూసేది నేను. పెత్తనం నా చేతిలో ఉందని మురిసిపోయేదాన్ని కూడా, సిగ్గులేకుండా.

9.00
తీసేశాను.

మధ్యాహ్నం
శాల్విన్ చెప్పలేదు. కడుపులో మంటట, ఇంటికి పోయాడు. మామ ఫోన్ చేశాడు. విలీ తల్లీ, ఈ డబ్బా నా మీద అలిగిందే, పాస్‌వర్డ్ కొడితే తీసుకోవట్లేదు, కాస్త బుజ్జగించవే అన్నాడు. చూస్తున్నాను మామా అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో.

మార్చి 4
శాల్విన్ సోమవారం చెబుతాడట. పిరికిపంద. నేను మాత్రం ఏం తక్కువ.

మార్చి 7, సోమవారం
చెప్పలేదు. నిలదీశాను. ఆయన మొహం చూసి ఎలా చెప్పను, నువ్వే మెల్లగా చెప్పెయ్యరాదూ అన్నాడు. చెబితే నా ఉద్యోగం ఊడుతుంది అన్నాను. అవును కదా అని టీ తాగాడు.

భోజనాల వేళ మామ స్వయంగా వచ్చాడు. ఉడికించిన చేమదుంప, కొబ్బరిపాలలో వండిన ఆకుకూర నాకోసం తెచ్చాడు. లారీవాళ్లు ఆడిపోసుకుంటున్నారే, ముసలోడు మీట ఎక్కడుందో మర్చిపోయాడంటున్నారు అని నవ్వాడు. నొక్కడం తర్వాత సంగతి, కనీసం చూడ్డానికైనా ఇవ్వవే, ఏ సరుకు ఎక్కడుందో నోటితో చెప్పుకుంటా అన్నాడు. కాదనలేకపోయాను. వ్యూ ఓన్లీ ఇచ్చాను. దేన్నీ మార్చలేడు, ఉత్తినే చూడగలడు. మేలే చేశాననుకున్నాను.

సాయంత్రం 5
నా బుద్ధి తగలెయ్య. వ్యూ ఇస్తే సిబ్బంది పేజీ కూడా కనబడుతుంది. అందులో ఆయన పేరు పక్కన మాజీ ఉద్యోగి అని ఉంది. గుర్తొచ్చి పరుగెత్తాను. మామ ఆ పేజీ ముందే ఉన్నాడు. నీకెప్పుడు తెలిసిందే అన్నాడు. గురువారం అన్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 8
మామ రోజూలాగే వచ్చి కూర్చున్నాడు, ఇస్త్రీ చొక్కాతో. ఇంటికెళ్లు మామా అని ఏడ్చాను. నాకెవరూ నోరు తెరిచి చెప్పలేదుగా, చెప్పినప్పుడు వెళ్తా, నువ్వు చూడమని ఇచ్చావు, చూస్తున్నా అన్నాడు. శాల్విన్ వెనక గేటులోంచి వచ్చి వెనక గేటులోంచే పోయాడు.

మార్చి 9, ఉదయం
బ్రిస్బేన్ మెయిల్. మాజీ ఉద్యోగికి వ్యూ ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, తక్షణం తీసేయండి. కారణం అన్న గడిలో జాలి అని కొట్టాను. తీసుకోలేదు. వాళ్లు ఇచ్చినవాటిలోంచే ఎంచుకోవాలట. పొరపాటు అన్నది ఎంచుకున్నాను. వ్యూ తీసేశాను.

11.00
మామ తెర మీద పేరు, పాస్‌వర్డ్ గళ్లు రెండే మిగిలాయి. పేరు కొడుతున్నాడు, చెరుపుతున్నాడు. స్పెల్లింగ్ తప్పు రాస్తున్నానేమో, చూసి చెప్పవే అన్నాడు.