సీటుకు ప్రశంసాపత్రం

మంగళవారం.

హెలికాప్టర్‌లా నిట్టనిలువుగా దిగుతూ యుద్ధవిమానం ముక్కు నేలకు కొట్టుకుని పడింది. మేం తయారుచేసిన ఎజెక్షన్ సీటు పైలట్‌ను బయటికి విసిరి బతికించింది. సీటు ఒక ప్రాణం కాపాడినప్పుడల్లా కేకు కోయడం మా విభాగపు ఆచారం; ఈసారి ఆ గౌరవం నాకు దక్కింది. అనంతరం ఆసుపత్రికి వెళ్ళి, సీటు నిర్దోషంగా పనిచేసిందన్న ప్రశంసాపత్రాన్ని పైలట్ మంచం పక్కన నిలబడి చదివాను.

ఆష్‌బర్న్‌లోని ఇంటికి చేరేసరికి మా ఆవిడ అన్నం వడ్డిస్తూ అడిగింది.

"నడుస్తాడంటారా?"

"అది మా డిపార్ట్‌మెంట్ కాదు."

"వెన్ను విరగ్గొట్టింది మీ సీటే కదండీ!"

"డిజైన్ లిమిట్స్‌లోనే విరిగింది."

ఆమె గరిటె గిన్నెలో పడేసి లేచి వెళ్ళిపోయింది.

ఆసుపత్రిలో పత్రం చదవడం ముగిశాక పైలట్ ఒక్కటే అడిగాడు, తన పాదాల మీద దుప్పటి ఉందా అని. అది ఎప్పుడో జారిపోయింది. ఉందని ధ్రువీకరించి వచ్చాను.