తోక దగ్గర పసుపు చార

మాచవరం,
శుక్రవారం

చి.సౌ. సుభాషిణికి యల్లమంద ఆశీస్సులతో రాయునది. ఇక్కడ నేను, అమ్మ, లిఖిత చేప, ముగ్గురం క్షేమం. అక్కడ చెన్నై ఆస్పత్రిలో నువ్వూ పిల్లా కులాసా అని నా నమ్మకం. చేపకు గుండ్రాలు పోయి చారలొచ్చాయా అని లిఖిత ఫోన్లో అడిగింది. చారలొచ్చి అది పెద్దదైతే తనకూ నయమైనట్టే అంటున్నది గదా. నీలం ఒంటి మీద తెల్ల గుండ్రాలు ఇంకా ఉన్నాయి గానీ, తోక దగ్గర సన్నగా పసుపు చార మొదలైందని చెప్పు.

మిరపకాయ కళ్ళంలో ఎండుతోంది. మొన్న మబ్బు పట్టి కాసేపు హడలగొట్టింది. తిండి సంగతి అడిగావు, పక్కింటి చాంద్ బీ అక్క రోజూ కూర పంపుతోంది.

ఇంతవరకే దానికి చదివి వినిపించు. మిగతాది నీ ఒక్కదానికే. ఫోన్లో చెబుదామంటే ఫోనెప్పుడూ పిల్ల చేతిలోనే ఉంటుంది. అందుకే చెన్నై లారీతో వస్తున్న మౌలాలీ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

చేప చచ్చిపోయింది సుభాషిణీ.

మంగళవారం ట్యాంకరులో కృష్ణ నీళ్ళు వచ్చాయి. నేను చేలోంచి వచ్చేసరికి అమ్మ అద్దాల తొట్టిలో నీళ్ళు సగం తోడేసి, బిందెడు మంచినీళ్ళు పోసి మురిసిపోతూ నిలబడి ఉంది.

"ఏందమ్మా ఈ పని?" అన్నాను.

"ఉప్పునీళ్ళలో ఎట్టా బతుకుద్దిరా మూగజీవం? మనమంటే బోరునీళ్ళు తాగి పళ్ళు గార పట్టించుకున్నాం. దీనికేం ఖర్మ? పిల్లకు ఆపరేషనాయె, పుణ్యం వస్తదని పోశా" అన్నది.

ఆస్పత్రిలో అద్దాల తొట్టిలో చూసి పిల్ల పట్టుబడితే తెచ్చిపెట్టాం గానీ, అది సముద్రంలో పగడాల దిబ్బల మీద బతికే చేప అనీ, ఉప్పే దాని ప్రాణమనీ ఆవిడకు మనం ఎప్పుడైనా చెప్పామా? తొట్టికని తెచ్చి ఉంచిన ఉప్పుపొడంతా కలిపాను. లాభం లేకపోయింది. తెల్లారేసరికి పక్కకు ఒరిగి తేలుతోంది.

అప్పటి నుంచి అమ్మ ముద్ద ముట్టడం లేదు. "నా చేతుల్తో చంపా. సోమవారం ఆపరేషన్లో పిల్లకేమన్నా అయితే ఆ పాపం నాదేరా" అని ఒకటే ఏడుపు. పిచ్చిమాటలొద్దని కసురుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే నాకూ అదే భయంగా ఉంది.

పిల్ల ఇంటికొచ్చి ఖాళీ తొట్టి చూసినప్పుడు నేనే చెబుతాను. నీళ్ళు నేనే పోశానంటాను. నువ్వు అమ్మ పేరెత్తకు.

పైన ముగ్గురం క్షేమమని రాసింది అబద్ధం. పసుపు చార మాత్రం నిజం. తొట్టిలోంచి చేతిలోకి తీసినప్పుడు చూశాను.

ఇట్లు,
లిఖిత నాన్న