స్పిన్నర్ పేరు ముందు

బాపూ,

నీ సంవత్సరీకం మొన్న సుబేదారిలోని మన ఇంట్లోనే చేశాం. ఇవాళ ఇంగ్లండ్ టెస్టు ముగిసింది. ఇంగ్లండ్ వాళ్లు టీమ్ చెప్పకముందే, నీ డోర్నకల్ రైల్వే డ్యూటీ డైరీలో నీలాగే స్పిన్నర్ పేరు ముందు రాసి, మిగతా పదిమందిని తర్వాత రాశాను. వాళ్లేమో అంతా ఫాస్ట్ బౌలర్లనే తీసుకున్నారు. చివరిరోజు అంత పెద్ద టార్గెట్ పెట్టి కూడా, బంతి తిరిగే పిచ్ మీద ఎదుటివాళ్ల ఆఖరి వికెట్ తీయలేక డ్రాతో సరిపెట్టుకున్నారు.

"ఇంగ్లండ్ టీముతోని మనకేం పని?" అని రోజూ నీతో కొట్లాడిన అమ్మ, రేపటి కూరకు చిక్కుడుకాయలు తుంచడం ఆపి, "స్పిన్నర్‌ను తీస్కోకుంటే గిట్లనే అయితది. ఆయన ఎన్నిసార్లు జెప్పిండు?" అంది.

నేను టీవీ కట్టేయబోయాను.

"జర ఉండనియ్యి బిడ్డా. వచ్చే మ్యాచ్‌కన్నా తీస్కుంటరేమో సూద్దాం."