ఆరో పేజీ

ప్రియమైన అక్కా,

యూనివర్సిటీ లైబ్రేరియన్‌కి చెల్లెలినై పుట్టి ఇన్నేళ్ళయినా, ఆ చుట్టరికాన్ని నేనెప్పుడూ వాడుకోలేదు. ఇవాళ వాడుకుంటున్నాను.

మా ఆసుపత్రికి సెలూన్ నడిపే ఒకాయన వస్తున్నాడు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. నేను ఫిజియోథెరపీ వ్యాయామం చేయిస్తుంటే ఆయన చూపు మా పెద్ద డాక్టర్ గారి తల మీదే. "ఆ క్రాపు అట్లా వదిలేశారేంటమ్మా, నా చెయ్యి బాగుంటేనా..." అంటాడు. ఎట్లాగైనా ఆయన చేత మళ్ళీ కత్తెర పట్టించాలి.

మీ దగ్గర ఒక ప్రొఫెసర్ గారు ప్రభుత్వ నిధులతో ఇలాంటి చేతుల మీదే పరిశోధన చేశారట. బాగున్న చేతిని రోజూ కాసేపు కట్టేస్తే, రెండోది తప్పనిసరై పని నేర్చుకుంటుందట. నాకు దొరికింది ఆ పరిశోధన పేపర్ మొదట్లో ఉండే సారాంశం ఒక్కటే. మిగతాది చదవాలంటే జర్నల్ వాళ్ళు డబ్బు కట్టమంటున్నారు. గుమ్మందాకా పిలిచి మొహాన తలుపేసినట్టుంది. మా ఆసుపత్రివాళ్ళు కొనరు. నువ్వే గుట్టుగా ఒక కాపీ పంపెయ్యి. ఆయన భార్య మంచి చేతికి తొడగడానికి అప్పుడే సంచీ కూడా కుట్టేసింది.

నీ పిచ్చుక

*

నా పిచ్చుకకి,

గుట్టుగా పంపను. తిట్టుకో. మేం కట్టే చందా మా క్యాంపస్‌లో వాళ్ళు చదవడానికే. నీకంటే అక్క ఉంది. అదే పేపర్ కావలసిన మిగతావాళ్ళకి అక్కలు ఎక్కణ్ణుంచి వస్తారు?

రాచమార్గం ఒకటుంది. రచయిత ఒప్పుకుంటే, ఆయన జర్నల్‌కి పంపిన రాతప్రతిని మా లైబ్రరీ వెబ్‌సైట్‌లో అందరికీ పెట్టచ్చు. ఆ జర్నల్‌కి అభ్యంతరం లేదు, కనుక్కున్నాను. ఇక ప్రొఫెసర్ గారి దగ్గరికి వెళ్ళాను.

కళ్ళజోడు పైనుంచి చూసి, "వైద్యం అందరి చేతుల్లో పెడితే ఏమవుతుందమ్మా? సగం చదివి సొంత వైద్యం మొదలెడతారు" అన్నారు.

"జనం డబ్బుతో చేసిన పని కదండీ" అన్నాను.

"ఆపరేషన్ థియేటర్ కూడా జనం డబ్బుతోనే కట్టారు. అందరూ లోపలికొచ్చేస్తారా?"

దానికి నాకు జవాబు ఎప్పట్లాగే ఇంటికొచ్చాక తట్టింది.

ప్రజాధనంతో జరిగే వైద్య పరిశోధన అందరికీ తెరిచి ఉంచాలని మా లైబ్రరీ తరఫున యూనివర్సిటీ కౌన్సిల్‌లో ప్రతిపాదన పెడుతున్నాను. అంతవరకు ఓపిక పట్టు.

మీ అక్క

*

గౌరవనీయులైన అక్కగారికి,

మీ కౌన్సిల్ వారు సమావేశమై, టీలు తాగి లేచేసరికి ఇక్కడ ఈయన చెయ్యి కట్టెలా బిగుసుకుపోతుంది. అందుకని సోమవారం మొదలుపెడుతున్నాం. సారాంశం మళ్ళీ మళ్ళీ చదివాను, బ్రహ్మవిద్యేమీ కాదు. మంచి చేతికి సంచీ తొడగడం, రెండో చేత్తో పని చేయించడం. భుజం నొప్పంటున్నాడు గానీ, కదలక అట్లా అయ్యుంటుంది. కదిలిస్తే అదే పోతుంది.

మీ ప్రొఫెసర్ గారికి చెప్పు: నేను సగమే చదివానంటే, రెండో సగం ఆయన దాచుకోబట్టే.

నీ మీద అలిగిన పిచ్చుక

*

నా అలకల పిచ్చుకకి,

ఆదివారం ఫోన్‌లో "ఆపు, సంచీ తొడగకు" అని అరిచానే గానీ, ఇక్కడ జరిగిందంతా చెప్పలేదు.

నీ ఉత్తరం ప్రొఫెసర్ గారికి చదివి వినిపించాను. నీ చివరి వాక్యానికి ఆయన మొహం ఎట్లా మారుతుందో చూడాలని నా సరదా. అంతదాకా పోనిస్తేగా! భుజం దగ్గరికి రాగానే కుర్చీలోంచి లేచారు.

"నొప్పా? అయితే ఇప్పుడే చెయ్యకూడదు! కీలు వదులై ఉంటుంది, పని చేయిస్తే భుజం ఇంకా జారుతుంది. ఆరో పేజీలో రాశాను కదా!"

"ఆరో పేజీ మా చెల్లికి కనిపించదండీ."

ఆయన నిలబడే, "ఇంకేం రాసింది?" అన్నారు. చివరి వాక్యం చదివాను, కానీ నా సరదా ఎప్పుడో చచ్చిపోయింది. ఆయన కూర్చుని, "ఆ రాతప్రతి ఎక్కడ పెట్టాలో చూపించమ్మా" అన్నారు.

కౌన్సిల్‌లో మొదట లేచిందీ ఆయనే. "సగం చదువుకి భయపడి నేను తలుపేశాను. ఆ సగం చదువు పుట్టింది తలుపెయ్యడం వల్లే" అని చెప్పి కూర్చున్నారు. నేను కుస్తీ పట్టి తయారుచేసుకున్న ఉపన్యాసం నా చేతిలోనే నలిగిపోయింది. తీర్మానం నెగ్గింది! ఆయన ఎదురుపడినప్పుడల్లా నీ రోగి భుజం గురించి అడుగుతున్నారు. ఏం చెప్పమంటావ్?

మీ అక్క

*

ప్రియమైన అక్కా,

భుజం బాగుందని చెప్పు. పేపర్‌లో రాసినట్టే ముందు ఆసరా పట్టీ కట్టి, తేలికపాటి వ్యాయామాలు చేయించాం. నొప్పి పూర్తిగా తగ్గాకే సంచీ తొడిగాం. పక్క ఊరి ఫిజియోథెరపిస్టు కూడా ఆ పేపర్ చదివేసింది. ఫోన్ చేసి, పేజీ నంబర్లతో సహా నాతో పోట్లాడుతోంది. ఎంత హాయిగా ఉందో!

నిజం చెప్పాలి కదా, ఆయన కత్తెర ఇంకా పట్టలేడు. దువ్వెన మాత్రం పడుతున్నాడు. అంతే, సెలూన్ తెరిచేశారు. దువ్వెన ఆయనది, కత్తెర ఆయన భార్యది. "కొంచెం పైకి" అని ఆయన, "నాకు తెలుసులేవయ్యా" అని ఆవిడ. కూర్చున్నవాడి నెత్తి మీదే వాళ్ళ కాపురమంతా.

మొదటి బేరం నాదే. ఆయన దువ్వెన నా పాపిట దగ్గర కొద్దిగా వణికింది, తర్వాత నిలబడింది. ఆవిడ ఊపిరి బిగబట్టి కత్తిరించింది. అయ్యాక ఇద్దరూ అద్దంలో నన్ను కాదు, ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఎడమవైపు కాస్త ఎక్కువ తెగిందక్కా. ఆ సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నీ పిచ్చుక