బెల్టుకు తగిలిన దిష్టి

సుంకమ్మకు ఎర్రగుంట్ల నుంచి మద్దిలేటి రాసేది, నేను బాగున్నాను. ఫోన్లో చెబితే పక్క మంచం మీదున్న మా ఫోర్మన్ రామలింగయ్య వింటాడని ఈ కార్డు రాస్తున్నాను.

ఆదివారం నేను అహోబిలం రాలేను. మా సిమెంటు ఫ్యాక్టరీలో రాళ్లు మోసే బెల్టు నిలువునా చీలింది. అంచులు అరిగిపోతున్నాయి, కింద పేరుకున్న రాళ్లు ఎత్తించు, బిగుసుకున్న రోలర్లు మార్పించు అని నెల నుంచి మొత్తుకుంటున్నాను. రామలింగయ్య వింటేగా! "ఇది దిష్టప్పా, బెల్టు మింద శానామంది కండ్లు పడినాయి" అని నిమ్మకాయ, మిరపకాయలు తెచ్చి బెల్టుకు పైన కట్టాడు. దారమైతే తెగుతుందని ఇనుప తీగతో కట్టాడు మహానుభావుడు! అది అదురుకు ఊడి బెల్టు మీద పడింది. తీగ పోయి దుమ్ము గీకే బ్లేడు దగ్గర ఇరుక్కుని, పాత చీరను చింపినట్టు బెల్టును చింపేసింది. మిషను ఆపి చూపిస్తే ఆయన ఏమన్నాడో తెలుసా? "సూస్తివా మద్దిలేటీ, ఎంత దిష్టి ఉండాదో!"

కొత్త బెల్టు అతికేదాకా ఎవరికీ సెలవు లేదు. బాబు పుట్టువెంట్రుకలు ఇంకో వారం వెనక్కి జరపమని మీ అన్నకు నువ్వే నచ్చజెప్పు, నన్ను తిట్టనీ. శెనక్కాయ చేనికి వాన పడిందా? మేక ఈనిందా? అత్తమ్మకు నమస్కారాలు, బాబుకు ముద్దులు.

ఇంకో మాట. నిమ్మకాయ చాలలేదని కొత్త బెల్టుకు బూడిద గుమ్మడికాయ కడతాడట. గొలుసుతో.