చూపించడానికి దెబ్బ లేదు

సెప్టెంబర్ 12
హనుమకొండ వెళ్ళి జనగామ చేరేసరికి సాయంత్రం. ఎక్స్‌రే మళ్ళీ శుభ్రం. రెండేళ్ళ నడుం నొప్పి, ఫిల్ములో ఒక్క గీత లేదు. ఎముకల డాక్టరు మానసిక వైద్యురాలి దగ్గరికి పంపాడు. నా నొప్పి నిజమేనంది మేడం. ఆ మాట అన్న మొదటి మనిషి. "దొంగ ఎప్పుడో పోయాడమ్మా, కుక్క ఇంకా మొరుగుతోంది. దాన్ని మెల్లగా నమ్మించాలి."
రోజూ యాభై అడుగులు. ఆపైన మెల్లగా పెంచాలి. నొప్పి చెప్పినట్టు కాదు, లెక్క చెప్పినట్టు నడవాలి.

సెప్టెంబర్ 13
మేడం రాసిన ఉత్తరం ఇంగ్లీషులో. బాపు నా చేతే చదివించాడు. కాన్వెంటు చదువు ఇందుకు పనికొచ్చింది. ఒక్క ముక్క దాచలేదు — వెన్నుకు ఏమీ కాలేదు, నొప్పి నిజం, భయం దాన్ని పెంచుతోంది. కుక్క సంగతి కూడా చెప్పాను. బాపు మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. "ఏం కాలేదనే రాసిండ్రు గదా!"
అన్న నవ్వాడు. "అయితె కుక్క నీ నడుంల ఉన్నదా చెల్లె?"
అప్పటి నుంచి నేను వంగితే చాలు — భౌ.

సెప్టెంబర్ 16
అన్న పిక్క మీద లాఠీ మచ్చ. రాస్తారోకోలో తగిలింది, నెల కింద. దీక్ష శిబిరానికి ఎవరొచ్చినా ప్యాంటు మడిచి చూపిస్తాడు. శాలువా కప్పుతారు. అమ్మ రోజూ ఉప్పు మూటతో కాపడం పెడుతుంది. చల్లారక ముందు నా నడుముకూ పెట్టమన్నాను.
"వాడు తెలంగాణ కోసం దెబ్బలు తిన్నడు బిడ్డా. నీకేడ తాకింది, సూపెట్టు."

సెప్టెంబర్ 21
సమ్మె. బస్సులు లేవు. ఎన్ని అడుగులని మేడం ఫోన్‌లోనే అడుగుతుంది. వంద, అన్నాను.

సెప్టెంబర్ 27
వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు. ఇంటి నుంచి శిబిరం దాకా పెరుగు గిన్నె మోశాను. వంగి వడ్డించాను. నడుంలో కుక్క మొరగలేదు! కళ్ళ వెంట నీళ్ళు. పొగ అనుకున్నారు.
బాపు విస్తరి ముందు నుంచే, అందరికీ వినపడేలా — "రెండేండ్లు మంచంల పండి మాతోని చాకిరి చేయించుకున్నది. ఇయ్యాల సూడుండ్రి, లేగ లెక్క ఉరుకుతున్నది."
బంతి అంతా నవ్వింది. అన్న కుంటుకుంటూ వచ్చాడు. "నాటకం ఖతమైందా?"

సెప్టెంబర్ 28
"మంచిగైనంక డాక్టరమ్మ ఎందుకు? బస్సులు నడిచినా పోయేది లేదు." బాపు మాట అంటే అయిపోయినట్టే.
మధ్యలో ఆపితే తిరగబెడుతుందంటోంది మేడం. ఇంకా ఆరు వారాలు కావాలట.
నేను మంచంలో ఉన్నప్పుడే కదా బాపు పంపాడు...

సెప్టెంబర్ 30
అన్న వెనక గోడ దూకి వాలీబాల్‌కు పోతుంటే చూశాను. రెండు కాళ్ళ మీద దిగాడు, పిల్లిలా. "బాపుకు చెప్తవా?"
చెప్పను. శిబిరం దగ్గర ఎట్లా కుంటుతాడో, ఏ కాలు ముందు వేస్తాడో మాత్రం శ్రద్ధగా చూశాను.

అక్టోబర్ 3
బాపు బండి చప్పుడు. మొదలుపెట్టాను. నడుం మీద చెయ్యి, బిగించిన పళ్ళు. చెప్పులు విప్పుతూ చూశాడు.
"మల్ల షురువైందా? బస్సులు నడువనీ, తోలుదాం."
గెలిచాను.

అక్టోబర్ 5
మూడు రోజులు, బాపు ముందు మాత్రమే.
ఇవాళ ఇంట్లో ఎవరూ లేరు. వంద అడుగులకు లేచాను. పదకొండో అడుగు దగ్గర కుక్క మళ్ళీ మొరిగింది.
నేల మీదే కూర్చుండిపోయాను. గుమ్మంలో అన్న, రెండు కాళ్ళ మీద నిటారుగా.
"బాపు లేడు గదనే. ఎవ్వలకు సూపెడుతున్నవ్?"
ఫోన్ మోగుతోంది. మేడం. ఎన్ని అడుగులని అడుగుతుంది.